పేపర్ పంపే ముందు: అడిగితే చూపించగలరా?

జర్నల్‌కు వచ్చిన పేపర్ నేరుగా రివ్యూయర్ల దగ్గరికి, అంటే దాన్ని పరిశీలించే అదే రంగం నిపుణుల దగ్గరికి, వెళ్లదు. ముందు సంపాదక కార్యాలయంలో ఒకరు తెరిచి చూస్తారు. రచయితల జాబితా, ఎథిక్స్ అనుమతి, పాత రాతలతో పోలికలు చూపే సిమిలారిటీ రిపోర్ట్, బొమ్మలు, డిక్లరేషన్లు, ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఎడిటర్ దాకా వెళ్తుంది. నేను చేసేది ఆ పనే. సైన్స్ బాగుందో లేదో చెప్పే తీర్పు నా చేతుల్లో లేదు. కానీ ఏ పేపర్ తర్వాత తలనొప్పి తెస్తుందో సుమారుగా మొదటి రోజే తెలిసిపోతుంది.

బయట అనుకునేంతమంది దొంగలు మాకు తగలరు. తగిలేది ఎక్కువగా "తర్వాత చూసుకుందాంలే" అనుకున్నవాళ్లు. పేర్లు తర్వాత మాట్లాడుకుందాం, అనుమతి పత్రం తర్వాత తెచ్చుకుందాం, అసలు డేటా ఎక్కడుందో తర్వాత వెతుకుదాం. ఆ తర్వాత అనేది మా దగ్గర్నుంచి ఈమెయిల్ రూపంలో వస్తుంది, అదీ మూడు రోజుల గడువుతో.

మొదటి పేపరో రెండో పేపరో పంపబోతున్న రీసెర్చ్ స్కాలర్ల కోసం ఇది రాస్తున్నాను. దీనంతటికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఒక్కటే. పేపర్‌లో మీరు చెప్పిన ప్రతి మాటకూ, ఎవరైనా అడిగితే చూపించడానికి ఒక కాగితమో, ఫైలో, ఈమెయిలో ఉందా? ఉంటే పంపండి. లేకపోతే అది దొరికేదాకా ఆగండి.

ఇంకో మాట. మేం అడిగే ప్రశ్నలు రహస్యమేమీ కాదు. 1997లో బ్రిటన్‌లో కొందరు మెడికల్ జర్నల్ ఎడిటర్లు కలిసి మొదలుపెట్టిన కమిటీ ఆన్ పబ్లికేషన్ ఎథిక్స్, పొట్టిగా కోప్, ఏ ఫిర్యాదు వస్తే ఎడిటర్ ఏం చేయాలో మెట్టుమెట్టుగా చూపించే ఫ్లోచార్టులు తయారు చేసింది. అవి ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఫిర్యాదు వచ్చిన రోజు ఎడిటర్ తెరిచేది అవే. మీరు ముందే ఒకసారి తిరగేస్తే మా వైపు నుంచి పేపర్ ఎలా కనిపిస్తుందో అర్థమవుతుంది.

పేర్ల సంగతి మొదట

నేను చూసే గొడవల్లో ఎక్కువ భాగం పేర్ల గొడవలే. డేటా తప్పు అంటూ వచ్చే ఫిర్యాదుల్లో కూడా కొన్నిటిని తవ్వుతూ పోతే, అడుగున తన పేరు వదిలేశారన్న ఎవరిదో కోపం కనిపిస్తుంది.

ఎవరు రచయిత? మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, ఐసీఎంజేఈ, దీనికి నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలోనో రూపకల్పనలోనో, డేటా సేకరణలోనో విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. రాతప్రతిని రాయడమో, విషయపరంగా సరిదిద్దడమో చేసి ఉండాలి. అచ్చుకు వెళ్లే చివరి ప్రతిని చూసి ఒప్పుకుని ఉండాలి. మొత్తం పనికి జవాబుదారీగా ఉంటానని అంగీకరించాలి. ఈ నాలుగూ ఉండాలి, ఏ ఒక్కటో ఉంటే చాలదు. నాలుగోది 2013లో చేర్చారు. నా లెక్కలో అన్నిటికంటే పదునైనది అదే. రేపు "ఈ బొమ్మ ఎక్కడిది?" అని ఎవరైనా అడిగితే, "అది నేను చేసిన భాగం కాదు" అని చేతులు దులుపుకోవడానికి లేదు. చేసినవాళ్లెవరో చెప్పి, జవాబు తెప్పించే బాధ్యత జాబితాలో ఉన్న అందరిదీ.

మీ రంగం వైద్యం కాకపోతే ఆచారాలు కొంత మారతాయి. గణితంలో పేర్లు అక్షరక్రమంలో పెడతారు. కణ భౌతికశాస్త్రంలో జాబితాలు పేజీలకు పేజీలు సాగుతాయి. హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద 2015లో వచ్చిన ఒక పేపర్‌కు 5,154 మంది రచయితలు. అందుకే జర్నల్ నిబంధనలతో పాటు మీ రంగం ఆచారం కూడా తెలుసుకోండి. అయితే ఏ రంగంలోనైనా ఒకటి మారదు. పని చేయనివాళ్ల పేరు పెట్టకూడదు, చేసినవాళ్ల పేరు తీసేయకూడదు.

మొదటిది గిఫ్ట్ ఆథర్‌షిప్. ల్యాబ్ ఆయనది, నిధులు ఆవిడ తెచ్చారు, ఆయన డిపార్ట్‌మెంట్ హెడ్, పేరు లేకపోతే బాగోదు. ఈ కారణాల్లో ఏదీ రచయితను చేయదు. వాళ్లకు చోటు అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో ఉంది, అక్కడ పెట్టడానికి కూడా వాళ్లను అడిగి ఒప్పుకోలు తీసుకోవాలి. రెండోది గోస్ట్ ఆథర్‌షిప్. స్టాటిస్టిక్స్ మొత్తం చేసిపెట్టిన జూనియర్ చదువు ముగించుకుని వెళ్లిపోతే జాబితాలోంచి మాయమవడం, కంపెనీ డబ్బిచ్చి రాయించిన రచయిత ఎక్కడా కనిపించకపోవడం ఈ కోవలోకి వస్తాయి.

చెప్పడం తేలికే, గైడ్‌తో ఈ మాట ఎత్తడం కష్టం. నేను సలహా ఇచ్చేది, పని మొదలైనప్పుడే రాతలో ఎత్తండి అని. క్రెడిట్ అనే పద్ధతిలో పాత్రలను 14గా విడగొట్టారు. ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, ప్రయోగం, డేటా నిర్వహణ, మొదటి రాత, దిద్దుబాటు, పర్యవేక్షణ, నిధుల సేకరణ, ఇలా. చాలా జర్నళ్లు సబ్మిషన్ సమయంలో ఇవి అడుగుతున్నాయి. ఆ 14 వరసలతో ఒక షీట్ తయారు చేసి, ఎవరెవరు ఏం చేస్తున్నారో రాసి, ఇలాంటి ఈమెయిల్‌తో పంపండి:

"సర్, పని మొదలుపెట్టే ముందు రచయితల క్రమం గురించి ఒక ముక్క రాసి పెట్టుకుంటే బాగుంటుందనిపించింది. జర్నల్ వాళ్లు ఎవరి పాత్ర ఏమిటని అడుగుతున్నారు. ఇప్పటికి నేను అనుకున్నది ఈ షీట్‌లో రాశాను. మార్పులుంటే చెప్పండి. మధ్యలో పని మారితే మళ్లీ మాట్లాడుకుందాం."

నెపం జర్నల్ మీద వేసేయండి. మాకేం అభ్యంతరం లేదు, అలాంటివాటికి కూడా పనికొస్తాం.

పంపేముందు చివరి ప్రతి అందరికీ పంపి, "చూశాను, సరే" అన్న జవాబు ఒక్కొక్కరి దగ్గరా తీసుకోండి. ఫోన్‌లో చెప్పారంటే సరిపోదు. పేపర్ అందగానే చాలా జర్నళ్ల సిస్టమ్ కో-ఆథర్లందరికీ దానంతటదే ఒక ఈమెయిల్ పంపిస్తుంది. దానికి ఒక కో-ఆథర్ నుంచి "ఇది ఏ పేపర్?" అని జవాబు వస్తే ఫైల్ అక్కడే ఆగిపోతుంది. నిజంగానే వస్తాయి అలాంటివి.

సబ్మిట్ చేశాక పేరు చేర్చాలన్నా, తీయాలన్నా, క్రమం మార్చాలన్నా, అందరి రాతపూర్వక సమ్మతి కావాలి. తీసేసేవాళ్ల సమ్మతి కూడా. మీలో మీకే పొత్తు కుదరకపోతే ఎడిటర్ తీర్పు చెప్పరు, ఆ వివాదాన్ని మీ సంస్థకు పంపి అది తేలేదాకా పేపర్‌ను పక్కన పెడతారు. ఇక అంగీకార పత్రం వచ్చాక హఠాత్తుగా ఇద్దరు కొత్తవాళ్లు, అదీ వేరే సంస్థ నుంచి, చేరితే మాకు వెంటనే పేపర్ మిల్లు అనుమానం వస్తుంది. డబ్బులకు పేపర్లు తయారు చేసి, రచయితల స్థానాలు అమ్మే వ్యాపారం అది. 2023లో ఒక్క హిందావీ జర్నళ్లలోనే 8,000కు పైగా పేపర్లు రిట్రాక్ట్ అయ్యాయంటే, అంటే అచ్చయ్యాక వెనక్కి తీసుకున్నారంటే, ఆ వ్యాపారం ఎంత ముదిరిందో ఊహించుకోండి. మీ కారణం నిజాయితీదే కావచ్చు. రివ్యూయర్ కొత్త ప్రయోగం అడిగితే దాన్ని చేసినవాళ్లను చేర్చడం న్యాయమే. కాకపోతే ఆ కారణం మేం అడగకముందే మీరే రాసి పంపండి.

ఏ జర్నల్‌కు?

"మీ అమూల్యమైన పరిశోధనను మా జర్నల్‌కు పంపండి, 72 గంటల్లో ప్రచురిస్తాం" అని పిలుపు వస్తే, అది మీ రంగానికి సంబంధించిన జర్నలే అయినా సరే, తొలగించి ముందుకు సాగండి. రివ్యూయర్‌ను వెతికి ఒప్పించడానికే వారాలు పడుతుంది.

2013లో జాన్ బోహానన్ అనే సైన్స్ విలేకరి, కావాలనే ఘోరమైన తప్పులు పెట్టిన ఒక బూటకపు పేపర్‌ను కొద్దికొద్దిగా మార్చి 304 ఓపెన్ యాక్సెస్ జర్నళ్లకు, అంటే ఎవరైనా ఉచితంగా చదవగలిగే జర్నళ్లకు, పంపాడు. 157 జర్నళ్లు అంగీకరించాయి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో ఓమిక్స్ అనే ప్రచురణ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో కోర్టు తీర్పు ఇచ్చింది. పీర్ రివ్యూ గురించి, ఎడిటర్ల గురించి, ఫీజుల గురించి పరిశోధకులను మోసగించారన్నది ఆరోపణ. అంటే ఇది అమాయకులకు మాత్రమే తగిలే దెబ్బ కాదు. చాలామంది సీనియర్ల పేర్లు వాళ్లకు తెలియకుండానే అలాంటి ఎడిటోరియల్ బోర్డుల్లో ఉంటాయి.

చూసుకోవాల్సినవి కొన్ని చెప్తాను. ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, అలాంటి జర్నళ్ల డైరెక్టరీ అయిన డీఓఏజేలో వెతకండి. కోప్ సభ్యత్వం ఉందని జర్నల్ చెప్పుకుంటే, ఆ మాట కోప్ సైట్‌లో సరిచూడండి. బోర్డులో ఉన్న ఒకరిద్దరి సంస్థ పేజీలు తెరిచి, ఈ జర్నల్ ప్రస్తావన ఉందేమో చూడండి. గత సంచికలోని నాలుగు పేపర్లు చదవండి, అన్నిటికంటే ఇది ముఖ్యం. ఫీజు ఎంతో సబ్మిషన్‌కు ముందే స్పష్టంగా రాసి ఉండాలి. 'థింక్, చెక్, సబ్మిట్' అనే ఉచిత చెక్‌లిస్ట్ ఒకటుంది, అదీ వాడండి.

వెబ్ చిరునామా విషయంలో మరింత జాగ్రత్త. పేరున్న పాత జర్నళ్ల పేరు, ఐఎస్ఎస్ఎన్ అనే గుర్తింపు నంబరు కాజేసి నకిలీ సైట్లు పెట్టేవాళ్లున్నారు. సెర్చ్‌లో మొదట కనిపించిన లింకు పట్టుకుని వెళ్లకండి. ప్రచురణకర్త ప్రధాన సైట్ నుంచో, ఆ జర్నల్‌లో వచ్చిన పాత పేపర్ డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత లింకు) నుంచో లోపలికి వెళ్లండి.

ఒకసారికి ఒక జర్నలే

ఒకే పేపర్‌ను ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. ఎక్కడ ముందు ఒప్పుకుంటే అక్కడ వేసుకుందాం అనే లెక్క ఇక్కడ చెల్లదు. ఒక రంగంలో రివ్యూయర్లు తక్కువమంది, రెండు జర్నళ్ల నుంచీ ఒకరి దగ్గరికే పేపర్ వెళ్లడం అరుదేమీ కాదు. ఆలస్యమైతే వెనక్కి తీసుకుంటామని ఈమెయిల్ రాసి, ఉపసంహరణ నిర్ధారించినట్టు జవాబు వచ్చాకే ఇంకోచోటికి పంపండి. రివ్యూకు ముందే పేపర్‌ను అందరికీ కనిపించేలా ప్రీప్రింట్ సర్వర్లో పెట్టడం చాలా జర్నళ్ల దృష్టిలో తప్పు కాదు, కవర్ లెటర్‌లో లింకు ఇస్తే చాలు.

ఒకే అధ్యయనాన్ని సన్నగా ముక్కలు కోసి నాలుగు పేపర్లు చేయడాన్ని సలామీ స్లైసింగ్ అంటారు. ఇక్కడ గీత ఎక్కడో చెప్పడం నిజంగా కష్టం. పెద్ద అధ్యయనం నుంచి రెండు వేర్వేరు ప్రశ్నలకు రెండు పేపర్లు రావడం సహజమే. నేను చూసేది, రెండో పేపర్‌లో మొదటి దాని ప్రస్తావన ఉందా లేదా అని. అదే డేటా నుంచి ముందొకటి వచ్చిందని చెప్పి, దాని కాపీ జత చేసి పంపినవాళ్లను నేను అనుమానించిన సందర్భం లేదు.

సిమిలారిటీ శాతం గురించిన టెన్షన్

"ఎంత శాతం ఉంటే పాస్?" అని మాకు వచ్చే ఈమెయిళ్లకు లెక్కలేదు. ఆ అంకెకు అంత విలువ లేదు. ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్ పోలికలు చూపిస్తుంది, దొంగతనాన్ని పట్టుకోదు. రిఫరెన్సులు, సంస్థల పేర్లు, ప్రామాణిక పద్ధతుల వర్ణన కలిపి 25 శాతం వచ్చిన పేపర్ శుభ్రంగా ఉండొచ్చు. 6 శాతమే వచ్చినా, ఆ ఆరూ చర్చాభాగంలో ఒకే చోటు నుంచి ఎత్తిన రెండు పేరాలైతే మేం ఊరుకోం. మేం రిపోర్టు తెరిచి, రంగు పడిన చోటల్లా చదువుతాం.

అంకె తగ్గించడానికి పదాలు మార్చే సాఫ్ట్‌వేర్ వాడటం అన్నిటికంటే ప్రమాదం. గియోమ్ కబనాక్, సిరిల్ లబే, అలెగ్జాండర్ మగజినోవ్ అనే ముగ్గురు 2021లో అలా పుట్టిన వింత పదబంధాలను వేటాడటం మొదలుపెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనాల్సిన చోట కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్ అనీ, బ్రెస్ట్ క్యాన్సర్ అనాల్సిన చోట బోసమ్ పెరిల్ అనీ రాసిన పేపర్లు కుప్పలుగా బయటపడ్డాయి. పేపర్‌ను చదవకుండా మార్చేశారనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చేయాల్సిన పని పాతదే. మూలం చదివి, మూసేసి, మీ మాటల్లో రాసి, మూలం చెప్పండి. అక్షరాలా తీసుకుంటే కొటేషన్ గుర్తుల్లో పెట్టండి. మీ పాత పేపర్ నుంచి తీసుకున్నా మూలం చెప్పాల్సిందే. వేరే భాషలో ఉన్నదాన్ని అనువదించి మీదిగా పెట్టుకోవడం కూడా ప్లాగియరిజమే, సాఫ్ట్‌వేర్ పట్టుకోకపోయినా. బొమ్మలకు, పట్టికలకు, ప్రశ్నావళులకు మూలం చెప్తే చాలదు, కాపీరైట్ ఉన్నవాళ్ల అనుమతి పత్రం కూడా ఉండాలి.

డేటా, బొమ్మలు

ఇక్కడ కొంచెం ఓపిగ్గా చదవండి. ఒక పరిశోధకుడి పేరు పూర్తిగా పోయేది ఎక్కువగా ఇక్కడే.

2002లో జర్నల్ ఆఫ్ సెల్ బయాలజీ, అంగీకరించిన ప్రతి పేపర్‌లోని బొమ్మలనూ అచ్చుకు ముందు తనిఖీ చేయడం మొదలుపెట్టింది. వాళ్లు పెట్టిన నియమాలే ఇవాళ చాలా జర్నళ్లలో కనిపిస్తాయి. బొమ్మలో ఏదో ఒక భాగాన్ని మాత్రమే ప్రకాశవంతం చేయకూడదు, మసక చేయకూడదు, జరపకూడదు, తీసేయకూడదు. వెలుతురు, కాంట్రాస్ట్ మార్చాలంటే బొమ్మ మొత్తానికీ సమానంగా మార్చాలి, ఆ మార్పు వల్ల ఉన్న సమాచారం మాయం కాకూడదు. ప్రోటీన్లనో డీఎన్‌ఏనో వేరుచేసి చూపే వేర్వేరు జెల్‌ల నుంచి తీసిన పట్టీలను పక్కపక్కన పెడితే మధ్యలో గీత గీసి, ఆ సంగతి కింద రాయాలి.

ఎలిజబెత్ బిక్ అనే మైక్రోబయాలజిస్టు తన సహచరులతో కలిసి 20,621 పేపర్లలోని బొమ్మలను కంటితో చూసి పరిశీలించింది. 2016లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం 3.8 శాతం పేపర్లలో ఒకే బొమ్మ అనుచితంగా మళ్లీ వాడటం లాంటి సమస్యలున్నాయి. వాటిలో కనీసం సగం కావాలని చేసినట్టు కనిపించాయి. మిగతావాటిలో చాలావరకు పొరపాట్లే అయ్యుండొచ్చు. తొందరలో తప్పు ఫైల్ పెట్టడం, ఒకే కంట్రోల్ బొమ్మ రెండుచోట్ల పడటం లాంటివి. చూసేవాళ్లకు మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా చూపించగలిగేది అసలు ఫైల్ ఒక్కటే.

కాబట్టి పరికరం నుంచి వచ్చిన అసలు ఫైల్‌ను ముట్టుకోకుండా ఒకచోట దాచండి. దిద్దిన ప్రతి వేరే ఫోల్డర్‌లో ఉండాలి. ఫైల్ పేరులో తేదీ, ప్రయోగం పేరు ఉండాలి, 'ఫైనల్ కొత్తది 2' లాంటి పేర్లు వద్దు. నోట్‌బుక్ ఏ రోజుకారోజు రాయండి. ఏ పాయింటునైనా లెక్కలోంచి తీసేస్తే ఎందుకు తీశారో అక్కడే రాయండి, పేపర్‌లోనూ చెప్పండి. ల్యాబ్ వదిలి వెళ్లేవాళ్ల దగ్గర్నుంచి అసలు డేటా తీసుకోకుండా వీడ్కోలు చెప్పకండి. ఎన్నాళ్లు దాచాలో మీ సంస్థ, నిధులిచ్చినవాళ్లు రాసిపెట్టే ఉంటారు.

ఇతరులు ఇచ్చిన డేటా మీద పేరు పెట్టేటప్పుడు 2020 నాటి సర్జిస్ఫియర్ అనే డేటా కంపెనీ ఉదంతం గుర్తుచేసుకోండి. కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ హాని చేస్తుందంటూ మే నెలలో లాన్సెట్‌లో ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రుల నుంచి 96,000 మంది రోగుల వివరాలన్నారు. డేటా మొత్తం ఆ కంపెనీ చేతుల్లోనే ఉంది. స్వతంత్ర సమీక్షకు ఇమ్మంటే ఇవ్వలేదు. కంపెనీ అధిపతి కాక మిగతా ముగ్గురు రచయితలు మేం దీనికి హామీ ఇవ్వలేమని చెప్పడంతో జూన్ 4న పేపర్ రిట్రాక్ట్ అయింది. అదే రోజు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ నుంచి అదే కంపెనీ డేటాతో వచ్చిన మరో పేపర్ కూడా పోయింది. పేరుమోసిన జర్నళ్లు, పేరుమోసిన రచయితలు, డేటాను కళ్లతో చూసింది మాత్రం ఒక్కరి పక్షమే. మీరు చూడలేని డేటా ఉన్న పేపర్ మీద మీ పేరు ఒప్పుకోవద్దు.

డేటా అందుబాటు గురించిన ప్రకటనలో "అడిగితే ఇస్తాం" అని రాయడం అలవాటైపోయింది. రాస్తే ఇవ్వండి. రోగుల గోప్యత వల్ల ఇవ్వలేకపోతే ఆ కారణమే రాయండి. వీలైతే జెనోడో లాంటి ఆన్‌లైన్ డేటా రిపాజిటరీలో పెట్టి డీఓఐ ఇచ్చేయండి, ఇక మిమ్మల్ని అడిగేవాళ్లే ఉండరు.

అనుమతులు, డబ్బు

మనుషుల మీద, జంతువుల మీద చేసిన పనికి ఎథిక్స్ కమిటీ అనుమతి పని మొదలవకముందే ఉండాలి. అనుమతి తేదీ డేటా సేకరణ తేదీ తర్వాత ఉంటే నేను ముందుకు పంపలేను, అంతే. మనుషుల మీద చేసే వైద్య పరిశోధనకు నైతిక నియమాలు పెట్టిన 1964 నాటి హెల్సింకి ప్రకటన, 1975 సవరణ నుంచి చెబుతున్నదీ ఇదే, ప్రణాళిక ముందు కమిటీ చూడాలి. సర్వే అయినా సరే, మినహాయింపు వస్తుందని మీకు మీరే నిర్ణయించుకోకండి. మినహాయింపు అని కమిటీతోనే రాయించుకోండి. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చకముందే రిజిస్ట్రేషన్ చేయాలి, ఐసీఎంజేఈ జర్నళ్లు 2005 జూలై నుంచి దీన్ని షరతుగా పెట్టాయి. ఫొటోలో రోగి గుర్తుపట్టేలా ఉంటే, చికిత్సకు ఇచ్చిన సమ్మతి చాలదు, ప్రచురణకు విడిగా సంతకం కావాలి. కళ్ల మీద నల్లపట్టీ వేస్తే సరిపోతుందనుకునే రోజులు పోయాయి.

నిధులెవరిచ్చారు, కంపెనీలతో సంబంధాలేమున్నాయి, అన్నీ చెప్పండి. సంబంధం ఉండటం నేరం కాదు, దాచడమే నేరం. ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి ముడిపెడుతూ 1998లో లాన్సెట్‌లో వచ్చిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ పేపర్ 12 మంది పిల్లల గురించి. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ల నుంచి ఆయనకు డబ్బు అందిందన్న సంగతి పాఠకులకు చెప్పలేదు. అది 2004లో బయటపడింది, పేపర్ పూర్తిగా రిట్రాక్ట్ అయ్యేసరికి 2010 వచ్చింది. చెప్పాలా వద్దా అని సందేహం వస్తే చెప్పేయండి. అనవసరమైతే ఎడిటర్ తీసేస్తారు.

ఏఐ వాడితే

చాట్‌జీపీటీ లాంటివాటిని రచయితగా పెట్టకూడదని కోప్, ఐసీఎంజేఈ రెండూ 2023లోనే చెప్పాయి. జవాబుదారీ వహించలేనిది రచయిత కాలేదు. ఇంగ్లిష్ దిద్దుకోవడానికి వాడటాన్ని చాలా జర్నళ్లు ఒప్పుకుంటాయి, కానీ ఎక్కడ చెప్పాలి, ఎంత చెప్పాలి అన్నది జర్నల్‌కొక తీరు. సూచనల పేజీ చదవండి.

చెప్పేస్తే బాధ్యత తీరిపోయిందనుకోవద్దు. 2024 ఫిబ్రవరిలో ఫ్రాంటియర్స్ జర్నల్ ఒకదానిలో, అర్థంలేని అక్షరాలతో, అసాధ్యమైన శరీర భాగాలతో ఎలుక బొమ్మ అచ్చయి ప్రపంచమంతా నవ్వింది. బొమ్మలు మిడ్‌జర్నీ అనే ఏఐ టూల్‌తో చేశామని ఆ రచయితలు పేపర్‌లో రాశారు కూడా. అయినా రోజుల్లోనే రిట్రాక్ట్ అయింది. ఏఐ ఇచ్చిన రిఫరెన్సులైతే ఒక్కొక్కదాని డీఓఐ నొక్కి తెరిచి చూడండి. లేని పేపర్లను ఉన్నట్టు చూపించడం దానికి అలవాటు. లేని రిఫరెన్స్ ఒక్కటి కనబడితే నేను మిగతావన్నీ వెతుకుతాను.

రివ్యూ సమయంలో

సబ్మిషన్‌లో రివ్యూయర్ల పేర్లు సూచించమంటారు. మీతో కలిసి రాసినవాళ్లు, మీ సంస్థవాళ్లు, మీ పాత గైడ్ వద్దు. సంస్థ ఈమెయిలే ఇవ్వండి. ఇదేదో చాదస్తం కాదు. 2012లో ఒక పరిశోధకుడు నకిలీ ఈమెయిళ్లు సృష్టించి తన పేపర్లకు తానే రివ్యూలు రాసుకున్నాడు. రివ్యూలు ఒక్క రోజు కూడా పట్టకుండా వచ్చేస్తుండటంతో ఎడిటర్‌కు అనుమానం వచ్చి దొరికిపోయాడు. 2017లో ట్యూమర్ బయాలజీ జర్నల్ నుంచి నకిలీ రివ్యూల కారణంగా ఒకేసారి 107 పేపర్లు పోయాయి.

రివ్యూయర్ తన సొంత పేపర్లు ఓ పది ఉటంకించమని అడిగితే, అవసరమైనవి పెట్టి, మిగతావి ఎందుకు పెట్టలేదో జవాబులో మర్యాదగా రాయండి. ఒత్తిడి అనిపిస్తే ఎడిటర్‌కు విడిగా రాయండి. అలా రాసినందుకు పేపర్ తిరస్కరించే ఎడిటర్ ఉంటే ఆ జర్నల్ మీకు అక్కర్లేదు.

రేపు మీకే రివ్యూ వస్తుంది. ఆ పేపర్ రహస్యం. జూనియర్ సాయం తీసుకుంటే ముందు ఎడిటర్‌ను అడిగి, వాళ్ల పేరు చెప్పండి. ఏఐ టూల్‌లోకి ఎక్కించకండి, మీది కాని రాతప్రతిని మూడోవాళ్లకు అప్పగించినట్టే. 2025లో కొన్ని ప్రీప్రింట్లలో తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, మంచి రివ్యూ మాత్రమే రాయమని ఏఐకి దాచిన ఆదేశాలు బయటపడ్డాయి. దొంగ ఎవరు, దొర ఎవరు అని అడగాలనిపించింది నాకు.

తప్పు బయటపడితే

అచ్చయ్యాక తప్పు మీకే కనిపిస్తే, ఎవరూ చూడకముందే రాయండి. ముగింపు మారకపోతే కరెక్షన్ వస్తుంది. ఫలితాన్నే నమ్మలేని స్థితి అయితే రిట్రాక్షన్. 2018లో రసాయనశాస్త్రంలో నోబెల్ పొందిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, 2019లో సైన్స్‌లో వచ్చిన తన ల్యాబ్ పేపర్‌ను 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఫలితాలు మళ్లీ రాలేదు, మొదటి రచయిత నోట్‌బుక్‌లో కీలక ప్రయోగాల అసలు డేటా కనిపించలేదు. ఆ సంగతి ఆవిడే బహిరంగంగా చెప్పి, ఆ పేపర్ విషయంలో తన పని సరిగా చేయలేదని క్షమాపణ అడిగారు. ఆవిడ మీద గౌరవం తగ్గినవాళ్లెవరూ నాకు తగల్లేదు.

ఎడిటర్‌కు రాసే ఉత్తరంలో పేపర్ డీఓఐ, ఏ బొమ్మ లేదా పట్టిక, ఏం తప్పు, ఎలా జరిగింది, ముగింపు మీద ప్రభావం ఏమిటి, సరైన డేటా, అందరు రచయితల అంగీకారం, ఇవి ఉంటే చాలు. వివరణ ఒక పేజీ దాటనక్కర్లేదు.

పనిలో పనిగా, మీరు ఉటంకించే పేపర్లలో రిట్రాక్ట్ అయినవి ఉన్నాయేమో చూసుకోండి. అలాంటి పేపర్ల జాబితా అయిన రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌ను, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ 2023లో తీసుకుని అందరికీ ఉచితంగా తెరిచింది. రిఫరెన్సులు దాచుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ వాడితే రిట్రాక్ట్ అయిన పేపర్ పక్కన ఎర్ర హెచ్చరిక దానంతటదే వస్తుంది.

మీ మీదే ఫిర్యాదు వస్తే, మొదటి ఈమెయిల్ ఆరోపణలా అనిపించినా అది ప్రశ్నే. కోపంతో అదే రోజు జవాబివ్వకండి, అలాగని మౌనంగానూ ఉండకండి. జవాబు రాకపోతే ఎడిటర్ మీ సంస్థకు రాస్తారు, అప్పుడు విషయం మీ చేయి దాటిపోతుంది. అందిందని వెంటనే చెప్పి, అసలు ఫైళ్లు వెతకడానికి ఎన్ని రోజులు కావాలో అడగండి. సహేతుకమైన గడువు ఇవ్వని ఎడిటర్ అరుదు. డేటా దొరకకపోతే దొరకలేదనే రాయండి, కొత్తది తయారు చేసి పంపకండి. ఫైల్ ఎప్పుడు తయారైందో దానిలోనే కనిపిస్తుంది.

జర్నలే అన్యాయం చేసిందనిపించే సందర్భాలూ ఉంటాయి. నెలల తరబడి జవాబు లేకపోవడం, రివ్యూయర్ మీ ఆలోచన ఎత్తుకున్నాడన్న అనుమానం, ఫిర్యాదు చేస్తే తొక్కిపెట్టడం. ముందు ఎడిటర్‌కు, తర్వాత ప్రచురణకర్తకు రాయండి. పేపర్ నంబరు, తేదీలు, ఈమెయిళ్ల కాపీలు వరసగా పెట్టండి, విశేషణాలు తగ్గించండి. జర్నల్ సొంత ఫిర్యాదు ప్రక్రియ మొత్తం పూర్తయ్యాక కూడా తేలకపోతే, ఆ జర్నల్ కోప్ సభ్యురాలైతే కోప్‌కు రాయవచ్చు. మీ పేపర్‌ను ఎందుకు తిరస్కరించారన్నది వాళ్లు తేల్చరు, జర్నల్ తన నియమాలు పాటించిందా లేదా అన్నదే చూస్తారు.